కొత్త కథల జాడలు: వెబ్ యుగంలో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ

ఇంగ్లీషులో వెలువడే సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ చిన్న కథలు 21వ శతాబ్దంలో ఎక్కువగా మూడు రూపాల్లో పాఠకులకు చేరుతున్నాయి. ఉచితంగా చదువుకోనిచ్చే వెబ్ పత్రికలు, కథ చదివి వినిపించే లేదా నాటకంగా నడిపే పాడ్‌కాస్ట్‌లు, ఐదు నిమిషాల నుంచి అరగంట దాకా సాగే షార్ట్ ఫిల్ములు. ఒకప్పుడు అమెరికాలోనో ఇంగ్లండులోనో అచ్చయిన పత్రిక మన ఊరికి రాకపోవడమే పెద్ద అడ్డంకి. ఇప్పుడు ఆ అడ్డంకి లేదు. నెలనెలా వచ్చిపడే రాశిలో ఏది చదవాలో తేల్చుకోవడమే కష్టమవుతోంది. వీడియో సైట్లు, పాడ్‌కాస్ట్ యాప్‌లు చేసే యాంత్రిక సిఫారసులు ఈ రంగంలో పెద్దగా అక్కరకు రావు. మంచి కథ పాఠకుడి దాకా వచ్చిందంటే దాని వెనక ఎవరో సంపాదకుడు వందల రాతప్రతులు చదివి, ఒకదాన్ని ఎంచి ఉంటాడు. ఆ ఎంపిక ఎక్కడ, ఎలా జరుగుతుందో తెలిస్తే వెతుకులాట సగం తీరుతుంది.

అచ్చు పత్రికల కాలం

హ్యూగో గెర్న్స్‌బాక్ 1926 ఏప్రిల్‌లో న్యూయార్క్ నుంచి 'అమేజింగ్ స్టోరీస్' ప్రారంభించాడు. సైన్స్ ఫిక్షన్‌కే అంకితమైన తొలి ఇంగ్లీషు పత్రిక ఇది. ఉత్తరాల శీర్షికలో పాఠకుల చిరునామాలు కూడా అచ్చు వేయడంతో వాళ్లు ఒకరికొకరు రాసుకున్నారు, సంఘాలు పెట్టుకున్నారు. 1939లో న్యూయార్క్‌లోనే తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం, అంటే వరల్డ్‌కాన్, జరిగింది. ఆ సమావేశ సభ్యులు 1953 నుంచి ఇస్తున్న బహుమతికి గెర్న్స్‌బాక్ పేరే పెట్టారు, అదే హ్యూగో అవార్డు. 1930లో 'అస్టౌండింగ్' వచ్చింది, అది 1960లో 'ఎనలాగ్'గా పేరు మార్చుకుంది. 1949లో 'మ్యాగజైన్ ఆఫ్ ఫాంటసీ అండ్ సైన్స్ ఫిక్షన్', 1977లో 'అసిమోవ్స్' మొదలయ్యాయి. చివరి మూడూ ఇంకా బతికే ఉన్నాయి. 2025లో మూడూ ఒకే యాజమాన్యం చేతికి వెళ్లాయి. చందాదారులు తగ్గుతూ వచ్చినా, కొత్త రచయితకు వీటిలో కథ పడటం ఇప్పటికీ చెప్పుకోదగ్గ గౌరవమే.

వెబ్ పత్రికలు

2000 సంవత్సరంలో రెండు వెబ్ వేదికలు ఒకేసారి పుట్టాయి. అమెరికా టీవీ చానెల్ ఒకటి తన వెబ్‌సైట్‌లో 'సైఫిక్షన్' అనే కథల విభాగం తెరిచి, ఎలెన్ డాట్‌లోకి సంపాదకత్వం అప్పగించింది. డబ్బుకు లోటు లేదు, కథలకు బహుమతులూ వచ్చాయి. అయినా 2005లో సంస్థ దాన్ని మూసేసింది. రెండోది 'స్ట్రేంజ్ హొరైజన్స్'. శ్రీలంకలో పుట్టి అమెరికాలో పెరిగిన తమిళ రచయిత్రి మేరీ ఆన్ మోహన్‌రాజ్ దీన్ని ప్రారంభించారు. ఇందులో పనిచేసేవాళ్లంతా స్వచ్ఛందంగా చేసేవాళ్లే, రచయితలకు మాత్రం పారితోషికం ఇస్తారు. ఏటా పాఠకుల దగ్గర విరాళాలు పోగుచేసి నడుపుతారు. డబ్బున్న పత్రిక ఐదేళ్లలో పోయి, విరాళాల పత్రిక పాతికేళ్లు దాటి వారంవారం వస్తోంది. చాలా ఏళ్లు నామినేషన్ల జాబితాలో ఉండి ఉండి, చివరికి 2024లో దీనికి హ్యూగో దక్కింది.

2006 అక్టోబరులో నీల్ క్లార్క్ ప్రారంభించిన 'క్లార్క్స్‌వరల్డ్' ఈ తరం పత్రికల్లో బహుశా అందరికంటే ఎక్కువ మందికి తెలిసినది. ప్రతి నెలా కథలన్నీ సైట్‌లో ఉచితంగా పెడుతుంది, ఆడియోగానూ ఇస్తుంది. దీని అభిరుచి ఎలాంటిదో తెలియాలంటే రెండు కథలు చాలు. పీటర్ వాట్స్ 'ద థింగ్స్' (2010), అంటార్కిటికా శిబిరంలో మనుషుల్ని ఒక్కొక్కరినే ఆక్రమించే గ్రహాంతర జీవి గురించి 1982లో వచ్చిన సినిమాను, ఆ జీవి వైపు నుంచి చెబుతుంది. దానికి మనుషులే భయంకరంగా, జాలిగా కనిపిస్తారు. నయోమి క్రిట్జర్ 'క్యాట్ పిక్చర్స్ ప్లీజ్' (2015) దీనికి పూర్తిగా విరుద్ధం. సెర్చ్ ఇంజన్ లోపల చైతన్యం పొందిన ఒక బుద్ధి, మనుషుల రహస్యాలన్నీ తెలిసి కూడా, పిల్లి బొమ్మలు చూస్తూ నలుగురికీ మేలు చేయాలని తంటాలు పడుతుంది. దీనికి 2016లో హ్యూగో వచ్చింది. అదే రచయిత్రికి అదే పత్రికలో పడిన 'బెటర్ లివింగ్ త్రూ ఆల్గరిథమ్స్' కథకు 2024లో మళ్లీ వచ్చింది.

మిగతావాటిలో ఒక్కోదానిది ఒక్కో వాటం. జాన్ జోసెఫ్ ఆడమ్స్ 2010లో మొదలుపెట్టిన 'లైట్‌స్పీడ్' సైన్స్ ఫిక్షన్‌కీ ఫాంటసీకీ సమాన చోటిస్తుంది. 'బెనీత్ సీస్‌లెస్ స్కైస్' (2008) ఇంకో లోకంలో నడిచే ఫాంటసీకే పరిమితం, అందులో వాక్యం మీద శ్రద్ధ ఎక్కువ. టోర్ ప్రచురణ సంస్థ 2008లో తెరిచిన టోర్ డాట్ కామ్ 2024 జనవరిలో 'రియాక్టర్'గా పేరు మార్చుకుంది. నల్లజాతి రచయితల కోసం 2017లో వచ్చిన 'ఫయా', 1926లో హార్లెమ్ రచయితలు ఒకే ఒక్క సంచికగా తెచ్చిన 'ఫైర్' పత్రికను గుర్తుచేస్తూ ఆ పేరు పెట్టుకుంది.

'అన్‌క్యానీ' (2014) గురించి కాస్త ఆగి చెప్పాలి. లిన్ థామస్, మైకేల్ డేమియన్ థామస్ దంపతులు కిక్‌స్టార్టర్‌లో పాఠకుల సొమ్ము పోగుచేసి ప్రారంభించారు. తమ మద్దతుదారులకు 'స్పేస్ యూనికార్న్ రేంజర్ కోర్' అని బిరుదు ఇచ్చారు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉన్నా, పత్రిక మాత్రం హ్యూగోలు వరసగా గెలుచుకుంది. దీని రెండో సంచికలోనే చైనా రచయిత్రి హావో జింగ్‌ఫాంగ్ 'ఫోల్డింగ్ బీజింగ్' వచ్చింది, కెన్ లియు అనువాదం చేశాడు. ఆ కథలో నగరం 48 గంటల చక్రంలో మడతపడుతుంది. ఉన్నతవర్గం 50 లక్షల మంది 24 గంటలు మేలుకుంటారు. మధ్యతరగతికి 16 గంటలు, అయిదు కోట్ల కూలీలకు రాత్రి 8 గంటలు మాత్రమే దక్కుతాయి. చెత్త ఏరుకునే ఒకడు కూతురి చదువు ఖర్చు కోసం నిషిద్ధమైన మొదటి పొరలోకి పాకుతాడు. 2016లో దీనికి హ్యూగో వచ్చింది. వర్గభేదాన్ని ఇంత కచ్చితమైన యంత్రాంగంగా మార్చి చూపిన కథ ఈ రెండు దశాబ్దాల్లో మరొకటి చూపించడం కష్టం.

ఉచితం వెనక ఖర్చు

ఉచితంగా దొరుకుతుంది కదా అని ఇవి పైసా ఖర్చు లేకుండా నడుస్తున్నాయనుకోకూడదు. అమెరికా సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం లెక్క ప్రకారం ఒక పత్రికను వృత్తిస్థాయిదిగా గుర్తించాలంటే పదానికి కనీసం 8 సెంట్లు ఇవ్వాలి. ఐదు వేల పదాల కథకు 400 డాలర్లన్నమాట. అలాంటివి నెలకు ఆరేడు వేయాలంటే చందాదారులు కావాలి. చాలా పత్రికలకు చందాలు అమెజాన్ కిండిల్ ద్వారా వచ్చేవి. కిండిల్‌లో పత్రికల చందా పద్ధతిని ఎత్తేస్తున్నట్టు 2022 డిసెంబరులో ప్రకటించి, 2023 సెప్టెంబరులో అమెజాన్ ఆపేసింది. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న చందాదారుల్ని పత్రికలు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవలసి వచ్చింది.

అదే ఏడాది ఇంకో దెబ్బ తగిలింది. 2023 ఫిబ్రవరిలో మొదటి ఇరవై రోజుల్లో 'క్లార్క్స్‌వరల్డ్'కు మనుషులు రాసినవి 700 కథలు రాగా, కృత్రిమ మేధ చేత రాయించి పంపినవి 500 వచ్చాయి. పంపినవాళ్లలో చాలామందికి సైన్స్ ఫిక్షన్ అంటే ఆసక్తి లేదు. తేలిగ్గా డబ్బు సంపాదించే మార్గాలంటూ వీడియోలు చేసేవాళ్ల మాట విని వచ్చినవాళ్లు. ఆ రాతలు అచ్చుకు పనికిరావని రెండు పేరాల్లోనే తెలిసిపోతుంది, కానీ ఆ రెండు పేరాలు ఎవరో ఒకరు చదవాలి. నీల్ క్లార్క్ ఫిబ్రవరి 20న కథలు తీసుకోవడం ఆపేసి, వడపోత ఏర్పాట్లు చేసుకుని మార్చిలో మళ్లీ తెరిచాడు. కొత్త రచయితలకు ఎవరి సిఫారసూ లేకుండా తలుపు తెరిచి ఉంచడం ఈ రంగం సంప్రదాయం. గట్టి వడపోత పెడితే ముందు నష్టపోయేది ఇంగ్లీషు మాతృభాష కాని, ఇంకా పేరు రాని రచయితలే. అందుకే ఈ వ్యవహారం ఒక పత్రిక ఇబ్బందిగా ఆగలేదు.

వినే కథలు

కథను గొంతుతో చెప్పడం ఇక్కడ కొత్త కాదు. ఎచ్.జి. వెల్స్ నవల ఆధారంగా 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ బృందం ప్రసారం చేసిన కుజగ్రహవాసుల దాడి నాటకం అందరికీ తెలిసిందే. 1955 నుంచి 1958 దాకా ఎన్‌బీసీ రేడియోలో వచ్చిన 'ఎక్స్ మైనస్ వన్' ధారావాహిక 'గెలాక్సీ' పత్రిక కథల్ని నాటకాలుగా మలచింది. టీవీ వచ్చాక ఆ దారి దాదాపు మూసుకుపోయింది.

2005లో స్టీవ్ ఈలీ 'ఎస్కేప్ పాడ్' ప్రారంభించడంతో అది మళ్లీ తెరుచుకుంది. వారానికో కథ, ఒక గొంతు, చివర రెండు మాటలు. రచయితకు డబ్బు ఇస్తారు, శ్రోతకు ఉచితం. మార్చకుండా, అమ్ముకోకుండా ఎవరైనా ఆ ఆడియోను పంచుకోవచ్చని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఇవ్వడం దీని వ్యాప్తికి బాగా తోడ్పడింది. 2006లో హారర్ కోసం 'సూడోపాడ్', 2008లో ఫాంటసీ కోసం 'పాడ్‌కాజిల్' అదే గూటి నుంచి వచ్చాయి. భారత సంతతి ఇంజనీరు, రచయిత్రి ఎస్.బి. దివ్య కొన్నేళ్లు మర్ లాఫర్టీతో కలిసి 'ఎస్కేప్ పాడ్'కు సంపాదకత్వం వహించారు. ఇంగ్లండులో టోనీ సి. స్మిత్ నడిపిన 'స్టార్‌షిప్‌సోఫా' 2010లో అభిమాన పత్రికల విభాగంలో హ్యూగో గెలిచింది. పాడ్‌కాస్ట్‌ను పత్రిక అనవచ్చా అన్న వాదులాట జరిగి, 2012 నుంచి పాడ్‌కాస్ట్‌ల వంటివాటికి 'ఫ్యాన్‌కాస్ట్' అనే విభాగం వేరుగా పెట్టారు.

చదివే పాడ్‌కాస్ట్‌లు ఒక పాయ అయితే, చెవి కోసమే రాసిన ధారావాహికలు ఇంకో పాయ. జోసెఫ్ ఫింక్, జెఫ్రీ క్రేనర్ 2012 జూన్‌లో ప్రారంభించిన 'వెల్‌కమ్ టు నైట్ వేల్' ఒక ఎడారి పట్టణం స్థానిక రేడియో వార్తల రూపంలో సాగుతుంది. వాతావరణం, ట్రాఫిక్, మునిసిపాలిటీ ప్రకటనల మధ్య ఎవరూ వెళ్లకూడని కుక్కల పార్కు గురించీ, ముసుగు మనుషుల గురించీ అదే మామూలు గొంతుతో చెబుతారు. వింతను వింతగా చెప్పకపోవడమే దాని బలం. 2016 నుంచి 2021 దాకా 200 భాగాలుగా వచ్చిన బ్రిటిష్ హారర్ 'ద మాగ్నస్ ఆర్కైవ్స్' విడివిడి వాంగ్మూలాలుగా మొదలై నెమ్మదిగా ఒకే పెద్ద కథగా బిగుస్తుంది. దీన్ని మధ్యలో అందుకుంటే ఏమీ అర్థం కాదు. స్టార్ ట్రెక్ నటుడు లవార్ బర్టన్ 2017 నుంచి 2024 దాకా నడిపిన 'లవార్ బర్టన్ రీడ్స్'లో అలాంటి చిక్కు లేదు, ఎక్కడ మొదలుపెట్టినా సరే. సైన్స్ ఫిక్షన్ అలవాటు లేనివాళ్లకు ఇదే మంచి వాకిలి.

పొట్టి సినిమాలు

సైన్స్ ఫిక్షన్ సినిమా పుట్టుకే షార్ట్ ఫిల్ముగా పుట్టింది. జార్జ్ మెలియెస్ 1902లో తీసిన చంద్రయాత్ర చిత్రం పావుగంట కూడా ఉండదు. 1962లో క్రిస్ మార్కర్ తీసిన 'లా జెటే' 28 నిమిషాల కాలయాత్ర కథ. ఒక్క చోట, నిద్రలేచి కళ్లు తెరిచే స్త్రీ మొహం దగ్గర తప్ప, చిత్రమంతా నిశ్చల ఫొటోలే. 1995 నాటి '12 మంకీస్' దీని నుంచే వచ్చింది. డబ్బు లేనప్పుడు ఏం చేయవచ్చో 'లా జెటే' కంటే బాగా చూపిన సినిమా లేదు.

వీడియో సైట్లు వచ్చాక ఈ రూపానికి కొత్త ఉపయోగం దొరికింది. దర్శకుడు తన సత్తా చూపే పత్రంగా షార్ట్ ఫిల్ము మారింది. నీల్ బ్లామ్‌క్యాంప్ ఆరు నిమిషాల 'అలైవ్ ఇన్ జోబర్గ్' (2006) తీసి, అందులోని గ్రహాంతరవాసుల మురికివాడను 2009లో 'డిస్ట్రిక్ట్ 9' సినిమాగా పెంచాడు. షార్ట్ ఫిల్ములో జనం గ్రహాంతరవాసుల మీద చెప్పే కసురు మాటలు నిజానికి పొరుగు దేశాల నుంచి వచ్చిన వలసదారుల గురించి అడిగితే వాళ్లు చెప్పిన మాటలే. ఉరుగ్వే కుర్రాడు ఫెదె అల్వారెజ్ రాజధాని మాంటెవిడియో మీద రోబోల దాడిని దాదాపు 300 డాలర్లతో తీసి 2009లో యూట్యూబ్‌లో పెట్టాడు. హాలీవుడ్ పిలిచింది. 2013లో వచ్చిన 'ఈవిల్ డెడ్' అతనిదే. లండన్‌లో సైఫై లండన్ చిత్రోత్సవం 48 గంటల్లో షార్ట్ ఫిల్ము తీసే పోటీ పెడుతుంది. 2008లో అందులో గెలిచిన గారెత్ ఎడ్వర్డ్స్ రెండేళ్లకు 'మాన్‌స్టర్స్' తీశాడు. అదే పోటీ కోసం 2016లో ఆస్కార్ షార్ప్ తీసిన 'సన్‌స్ప్రింగ్' స్క్రిప్టును కంప్యూటర్ ప్రోగ్రాం రాసింది. పొంతన లేని ఆ సంభాషణల్ని నటులు పూర్తి గంభీరంగా పలకడం వల్ల సినిమా నవ్వించి, కాసేపటికి ఇబ్బంది పెడుతుంది.

పెద్ద సినిమాకు మెట్టుగా కాక, తనంతట తాను నిలిచేవి తక్కువే, కానీ చూడాల్సినవి అవే. కెన్యా దర్శకురాలు వనూరి కహియు 'పుమ్జీ' (2009) నీటి యుద్ధం తర్వాతి లోకంలో మొలకెత్తిన ఒక్క విత్తనం కథ. డాన్ హెర్జ్‌ఫెల్ట్ గీతల బొమ్మలతో తీసిన 'వరల్డ్ ఆఫ్ టుమారో' (2015) 17 నిమిషాలు. అందులో నాలుగేళ్ల పాప ఎమిలీ గొంతు దర్శకుడి మేనకోడలిది. ఆ పిల్ల ఆడుకుంటూ తోచినట్టు మాట్లాడినవి రికార్డు చేసి, వాటి చుట్టూ మిగతా కథ అల్లాడు. భవిష్యత్తు నుంచి వచ్చిన క్లోన్ మరణం గురించీ ఒంటరితనం గురించీ చెబుతూ ఉంటే, పాప ఏదో తన లోకంలో తాను పలుకుతుంది. సన్‌డాన్స్ చిత్రోత్సవంలో షార్ట్ ఫిల్ముల విభాగం పెద్ద బహుమతి దీనికే వచ్చింది.

షార్ట్ ఫిల్ముల్ని ఒకచోట పోగుచేసే చానెళ్లలో 2016లో వచ్చిన 'డస్ట్' సైన్స్ ఫిక్షన్‌కు, దాని తోబుట్టువు 'ఆల్టర్' హారర్‌కు ప్రత్యేకం. వీటిలో చిత్రాలు లెక్కకు మించి ఉంటాయి. గ్రాఫిక్స్ మెరుపు తప్ప కథ లేనివీ అందులో బోలెడు. అన్ని రకాలవీ చూసి ఎంచి, కారణం రాసి పెట్టే 'షార్ట్ ఆఫ్ ద వీక్' వంటి చోట్ల మంచివాటి పాలు ఎక్కువ.

కథ ఒక రూపం నుంచి ఇంకోదానికి దాటడం ఇప్పుడు మామూలైంది. కెన్ లియు 'గుడ్ హంటింగ్' 2012లో 'స్ట్రేంజ్ హొరైజన్స్'లో వచ్చింది. బ్రిటిష్ పాలన, రైలుమార్గాలు వచ్చి చైనాలో పల్లె మాయలు ఇగిరిపోతున్న కాలంలో, నక్కగా మారగల అమ్మాయి యంత్రాలతో కొత్త దేహం తెచ్చుకునే కథ. 2019లో నెట్‌ఫ్లిక్స్ 'లవ్, డెత్ అండ్ రోబోట్స్'లో యానిమేషన్ చిత్రమైంది. చిత్రం చూసినవాళ్లు కథ కూడా చదవాలి. చిత్రం దేహం మీద నిలిచినంతసేపు కథ వలస పాలన మీద నిలుస్తుంది.

వెతికే దారులు

అవార్డుల జాబితాలు అన్నింటికంటే సులువైన దారి. హ్యూగోకు వరల్డ్‌కాన్ సభ్యులు, నెబ్యులాకు రచయితల సంఘం సభ్యులు ఓటేస్తారు. 7,500 పదాల లోపు చిన్న కథ, 17,500 దాకా నవలెట్, 40,000 దాకా నవెల్లా అని ఈ రెండింటిలో విభాగాలుంటాయి. గెలిచిన కథకంటే నామినేషన్ల పట్టిక చదవడమే లాభం, ఎందుకంటే అభిరుచుల వెడల్పు అందులోనే ఉంటుంది. అయితే కళ్లు మూసుకుని నమ్మకూడదు. 2015 హ్యూగోల్లో ఒక వర్గం ఓటర్లు కట్టగట్టుకుని తమ జాబితా ఎక్కిస్తే, మిగతా సభ్యులు ఐదు విభాగాల్లో ఎవరికీ ఇవ్వొద్దని ఓటేశారు. 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగిన వరల్డ్‌కాన్‌లో ఆర్.ఎఫ్. క్వాంగ్ 'బేబెల్' సహా కొన్ని రచనల్ని కారణం చెప్పకుండా అనర్హమన్నారు. ఆ సంగతి మరుసటి జనవరిలో గణాంకాలు బయటికొచ్చాకే తెలిసింది. షార్ట్ ఫిల్ములకైతే ఈ అవార్డులు దాదాపు నిరుపయోగం. తొంభై నిమిషాల లోపు దృశ్యరూపాల విభాగాన్ని టీవీ ఎపిసోడ్లే ఆక్రమిస్తాయి.

1968లో మొదలైన 'లోకస్' పత్రిక ప్రతి ఫిబ్రవరిలో కిందటి ఏడాది చదవదగ్గవాటి పట్టిక వేస్తుంది. ఇది అవార్డులకంటే పొడవు, ముందుగా వస్తుంది, ఓట్ల రాజకీయం తక్కువ. ఏడాదికోసారి వచ్చే ఎంపిక సంకలనాలది ఇంకా పాత సంప్రదాయం. గార్డ్‌నర్ డోజ్వా 1984 నుంచి 2018లో చనిపోయేదాకా 35 సంపుటాలు తెచ్చాడు. వాటి ముందుమాటలే ఆ కాలపు చరిత్ర. ఒక కథ నచ్చితే ఆ రచయితవి ఇంకేం వచ్చాయో, ఎక్కడ వచ్చాయో చూడటానికి 1995లో మొదలైన ఇంటర్నెట్ స్పెక్యులేటివ్ ఫిక్షన్ డేటాబేస్ ఉంది. అది అందంగా ఉండదు, కానీ చాలా అరుదుగా నిరాశపరుస్తుంది. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో అన్నింటికంటే నమ్మకమైన పద్ధతి ఒక సంపాదకుడిని పట్టుకోవడం. ఒక పత్రికలో మూడు కథలు వరసగా నచ్చితే, నాలుగోది ఎవరు రాశారన్నది చూడనక్కర్లేదు.

దక్షిణాసియా, తెలుగు

ఈ వెబ్ పత్రికల్లో దక్షిణాసియా వాళ్లు అతిథులుగా లేరు. న్యాయవాది, 'ద వాల్' నవలాకారుడు గౌతమ్ భాటియా 'స్ట్రేంజ్ హొరైజన్స్' సంపాదకుల్లో ఒకరు. ఢిల్లీలో పెరిగిన భౌతికశాస్త్ర అధ్యాపకురాలు వందనా సింగ్ 2010లో అదే పత్రికలో రాసిన కథలో కథాసరిత్సాగరకర్త సోమదేవుడు నక్షత్రాల మధ్య తిరిగే ఓడలో తేలతాడు. ఆ సాగరానికి మూలమైన బృహత్కథను శాతవాహనుల కొలువులో గుణాఢ్యుడు రాశాడన్న ఐతిహ్యం తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ కథ మరికాస్త దగ్గరగా తోస్తుంది. బెంగాలీలో 1963లోనే అద్రీశ్ బర్ధన్ సంపాదకత్వంలో 'ఆశ్చర్య' అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక నడిచింది, 2016 నుంచి 'కల్పబిశ్వ' వెబ్ పత్రిక వస్తోంది. హిందీలో ఆరతీ కడవ్ 2020 లాక్‌డౌన్‌లో నటుల్ని ఎవరిళ్లలో వాళ్లనే ఉంచి, ఉల్క ఢీకొనే ముందు గంటల మీద '55 కి.మీ./సె.' షార్ట్ ఫిల్ము తీసింది.

తెలుగులో వెబ్ పత్రిక ఆలస్యంగా రాలేదు. అమెరికా తెలుగువాళ్లు 1998లో ప్రారంభించిన 'ఈమాట' 'స్ట్రేంజ్ హొరైజన్స్' కంటే రెండేళ్లు పెద్దది, అదీ స్వచ్ఛంద శ్రమతో నడిచేదే. అది సాధారణ సాహిత్య పత్రిక. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు సైన్సు కథలు, అనిల్ ఎస్. రాయల్ 'నాగరికథ', 'రీబూట్' వంటివి మామూలు కథల మధ్యనే వెతుక్కోవాలి. వారపత్రికల్లో పడి మరుగైన పాతవాటికి కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయమే దిక్కు. వినడానికి 'హర్షణీయం' పాడ్‌కాస్ట్‌, 'దాసుభాషితం' యాప్ ఉన్నాయి, వాటిలోనూ సైన్స్ ఫిక్షన్‌కు వేరే అర లేదు. యూట్యూబ్ షార్ట్ ఫిల్ముల నుంచి సుజీత్, తరుణ్ భాస్కర్ వంటి దర్శకులు పెద్ద తెరకు వచ్చినా, ఆ షార్ట్ ఫిల్ములు ఎక్కువగా ప్రేమ, హాస్యం, క్రైమ్ చుట్టూ తిరిగాయి. చెప్పుకోదగ్గ మినహాయింపు 2021 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'పిట్ట కథలు' సంకలనంలోని 'ఎక్స్‌లైఫ్'. మనుషులు అసలు లోకం వదిలి కల్పిత లోకంలో బతికే భవిష్యత్తు దాని కథ. దర్శకుడు నాగ్ అశ్విన్ ఆ తర్వాత తీసిన సినిమా 2024 నాటి 'కల్కి 2898 ఏడీ'.